ఆనకట్టలకు అర్థబలము

కడప మండలమునందలి పోరుమామిళ్ళ చెరువు చెంత, భైరవాలయము కడ, రెండు శిలాఫలకములపై చెక్కబడిన సంస్కృత శాసనమొకటి కలదు. శాలివాహన శకము 1291లో, అనగా క్రీ.శ. 1369లో, విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి సీమకు పాలకుడును అయిన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను పేర ఆ తటాకమును నిర్మింపజేసిన వృత్తాంతము అందు వర్ణితమైనది. ఉత్తమమైన చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, దానికి తగులకూడని ఆరు దోషములను శాసనకర్త వరుసగా చెప్పినాడు. జలశాస్త్రమెరిగిన పండితుడు, గట్టి మట్టిగల నేల, దూరమునుండి తీయని నీటితో ప్రవహించి వచ్చు నది, రాతి కట్టడముగల గట్టు, పనితనమెరిగిన కూలీల సమూహము మొదలైనవన్నియు ఆ పట్టికలో నున్నవి. అయితే వీని కన్నిటికిని ముందు, ప్రథమాంగముగా నతడు పేర్కొన్నది ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తిని కోరువాడును అయిన రాజును. ఖర్చు భరింపగలవాడెవడను ప్రశ్నకు సమాధానము చెప్పిన తరువాతనే యతడు నీటి మాటకును, నేల మాటకును, శాస్త్రజ్ఞుని మాటకును వచ్చినాడు.

ఆ చెరువు పనికి దినమునకు వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినవనియు, వెచ్చించిన ధనధాన్యములకు లెక్కలేదనియు ఆ శాసనమే చెప్పుచున్నది. ఆరు దోషములలో నొకటిగా, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుటను చేర్చిన ఆ పెద్దల దూరదృష్టికి, కృష్ణా గోదావరీ జలముల పంపకమునకై దశాబ్దములుగా న్యాయస్థానముల మెట్లెక్కుచున్న నేటి రాష్ట్రములను చూచినపుడు ఎవరికైనను చేతులెత్తి నమస్కరింపవలెనని తోచును.

చెరువు త్రవ్వించుటను మన పూర్వులు సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. కాని పుణ్యమొక్కటియే చెరువును నిలుపజాలదని వారికి తెలియును. గట్టు కోసుకొనిపోవును, తూము పూడిపోవును, అలుగు రాళ్ళు కదలును. వీనిని ఏటేట బాగుచేయుటకు ఏటేట ధాన్యము కావలయును. అందుకే కాకతీయుల కాలమునను, విజయనగర కాలమునను దశబంధమను ఏర్పాటు మన సీమలలో విస్తరించినది. చెరువు కట్టించినవానికో, పాడైన చెరువును తిరిగి నిలిపినవానికో ఆ చెరువు క్రింద పారెడి భూమిలో నొక భాగమును మాన్యముగా నిచ్చి, దానికి ప్రతిగా చెరువు సంరక్షణభారమును అతనిపైనను, అతని సంతతిపైనను ఉంచెడివారు. చెరువు నిండినచో నతని మాన్యము పండును. గండిపడినచో నతని మాన్యమే ముందుగా ఎండును. కట్టుటకైన ధనమును, కాపాడుటకైన ధనమును ఒకే దానపత్రమున ముడివేసిన ఈ పద్ధతిలోని వివేకమును, వేలకోట్ల అంచనాలు వేయు మన కాలము ఇంకను పూర్తిగా గ్రహింపలేదని నా అభిప్రాయము. ఒక నీటి ప్రాజెక్టునకు ఎంత సొమ్ము కావలయునని అడుగునపుడు మనము సాధారణముగా శంకుస్థాపన నాడు ప్రకటింపబడిన అంకెతో తృప్తిపడుచున్నాము. ఆ సొమ్ము ఏయే సంవత్సరమున ఎంతెంత వచ్చును, ఆలస్యమైనచో ఆ నష్టము నెవరు మోయుదురు, కట్టిన తరువాత దానిని నిలుపుట కెవరు పెట్టుదురు అను సంగతులు ఆ అంకెలో కానరావు. అంకెకంటె ఈ సంగతులే ప్రాజెక్టు తలవ్రాతను నిర్ణయించును.

ఆంగ్లేయుల కాలమున ధనప్రశ్న క్రొత్త రూపు దాల్చినది. 1832-33 నాటి నందన కరవు కోస్తాను తుడిచిపెట్టినది. 1821లో సుమారు 7.38 లక్షలుగా నున్న రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5.61 లక్షలకు దిగజారినది. గోదావరి ఒడ్డుననే మనుష్యులు ఆకలికి చచ్చుచుండగా నది నీరు సముద్రము పాలగుచుండెను. జిల్లా దుస్థితిని విచారించిన హెన్రీ మాంట్గోమరీ నీటిపారుదలయే మందని 1844లో సూచింపగా, ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము కడ ఆనకట్టకు పథకమును సిద్ధపరచెను. కాటను దొర గొప్ప ఇంజనీరనుట అందరెరిగినదే. సొమ్ము పెట్టువాని మనస్సును కూడ నతడు బాగుగా నెరిగినవాడు. కరవు వలన ఈస్టిండియా కుంపిణీ కోల్పోయిన శిస్తునకును, ఆనకట్ట వలన రాగల శిస్తునకును లెక్కవేసి, ఇది దానధర్మము కాదు, మంచి పెట్టుబడియని అతడు వాదించెను. ఆనకట్ట మట్టునకు సుమారు 4.75 లక్షల రూపాయల అంచనాతో 1846 చివర అనుమతి లభించినది. 1847లో మొదలైన పని 1852లో ముగిసినది. ఖర్చు మొదటి అంచనాను దాటినది, కాలువల విస్తరణ తరువాతి దశాబ్దములలోను సాగినది. అయినను రాబడి ఖర్చును మించి పెరుగుటచే ఎవరును ఆ మితిమీరిన వ్యయమును తప్పుపట్టలేదు. డెల్టా భూమి వాలుగానుండుట, నీరు తనంత తానే పారుట, వరి పండించుటకు రైతు సిద్ధముగా నుండుట, నీటితోబాటు శిస్తు వెంటనే పెరుగుట అను అనుకూలతలన్నియు అక్కడ కూడివచ్చినవి. అన్ని చోట్ల అవి కూడిరావు.

కూడిరాని చోట ఏమి జరుగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు, తుంగభద్రపైనున్న సుంకేసుల వరకు పోయిన చాలును. గోదావరిపై వచ్చిన లాభమును చూచి లండనులోని ధనికులు 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీని స్థాపించిరి. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి అయిదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీపడెను. లాభము వచ్చినను రాకున్నను వాటాదారునికి వడ్డీ ముట్టునట్టి ఏర్పాటులో పొదుపుగా కట్టవలసిన అవసరము కంపెనీకి ఎంతమాత్రము లేకపోయినది. అపాయము యావత్తును ప్రభుత్వ ఖజానాది, అనగా రైతు కట్టెడి పన్నుది. సుంకేసుల నుండి కర్నూలు మీదుగా కడప దాక కాలువ త్రవ్వబడినది గాని, నల్లరేగడిలో వానకు జొన్నయు ప్రత్తియు పండించుకొను రైతు, మంచి వానలు కురిసిన ఏడు కాలువ నీటిని కొననేలేదు. తడి పంటకు నేలను చదును చేసికొనుటకు, పిల్లకాలువ త్రవ్వుకొనుటకు వానికి పెట్టుబడి యెవరిచ్చిరి? ఆ పెట్టుబడి అంచనాలో ఎక్కడను లేదు. కంపెనీ చతికిలపడగా, 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనివేసెను. అయితే అదే కర్నూలు-కడప కాలువ, కె.సి. కెనాల్ అను పేర, నేడు సుమారు 2.65 లక్షల ఎకరముల ఆయకట్టునకు ఆధారము. పెట్టుబడిగా విఫలమైనది నీరుగా సఫలమైనది. ఈ రెండు కొలబద్దలు వేరువేరని పాలకులకు ఆ కాలువయే నేర్పినది.

ఆ పాఠము నుండియే నీటి పనులను ‘లాభసాటివి’, ‘రక్షణకొరకైనవి’ అని రెండుగా విభజించు సంప్రదాయము వచ్చినది. వడ్డీకి సరిపడు రాబడి తెచ్చు పనులను అప్పు తెచ్చి కట్టవచ్చును. రాబడి చాలకున్నను కరవునుండి కాపాడెడి పనులను సాధారణాదాయము నుండియో, కరవు నిధి నుండియో కట్టవలయును. 1880 నాటి కరవు కమిషను, 1901-03 నాటి ఇరిగేషను కమిషను ఈ భేదమును స్థిరపరచినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఖజానాకు వచ్చు రాబడికి బదులు సమాజమునకు కలుగు ప్రయోజనమును లెక్కవేయుట ఆరంభమైనది. ఒక రూపాయి వ్యయమునకు ఒకటిన్నర రూపాయి ప్రయోజనముండవలెనని 1964లో నిజలింగప్ప కమిటీ సూచించినది. కరవు సీమలకు ఈ నిబంధన సడలింపబడినది. రాయలసీమ, పాలమూరు వంటి ప్రాంతములకు ఈ సడలింపు ప్రాణాధారము. పంట విలువయే కొలబద్దయైనచో అక్కడ ఏ కాలువయు పుట్టదు. వలసలు ఆగుట, పశువులు బ్రతుకుట, త్రాగునీటి బావులు ఊరుట వంటి ప్రయోజనములకు అంగడిలో ధర లేదు.

ఇక అంచనా అనగా నేమో కొంత విపులముగా చూతము. సర్వే, మట్టి పరీక్షలు, ఆనకట్ట, గేట్లు, ప్రధాన కాలువలు, వాటిపై వంతెనలు, సొరంగములు, పంపిణీ కాలువలు, పిల్లకాలువలు, మునిగిపోవు భూములకు పరిహారము, ఇండ్లు కోల్పోవువారికి పునరావాసము, అడవికి బదులు అడవి, సిబ్బంది జీతములు, పని జరుగుచున్న కాలమందలి వడ్డీ ఇవన్నియు అందు చేరవలసినవే. ఇన్నింటిలో ప్రజల దృష్టికి వచ్చునది ఆనకట్ట. పత్రికలలో బొమ్మ పడునది ఆనకట్ట. తొలి సంవత్సరముల సొమ్ములో సింహభాగము పోవునది ఆనకట్టకును, ప్రధాన కాలువకును. రైతు పొలమున నీరు పారించునవి మాత్రము చిట్టచివరి పంపిణీ కాలువలు, పిల్లకాలువలు. సొమ్ము తరిగినపుడు మొదట ఆగునవి ఇవియే. అందుచేతనే జలాశయము నిండుగానున్నను శివారు భూములు బీడుగానుండు వింత మన రాష్ట్రములు రెండింటను తరచు కనబడుచున్నది. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు, 1967లో కాలువలకు నీరు వదలబడినది. ఆ పిమ్మట 1976లో ఆయకట్టు అభివృద్ధికి ప్రపంచబ్యాంకు నుండి 14.5 కోట్ల డాలర్ల ఋణమును, మరల 2010లో కాలువల ఆధునికీకరణకు 45 కోట్ల డాలర్ల ఋణమును తెచ్చుకొనవలసి వచ్చినది. తొలి అంచనాలోనే పొలము దాక పోవు నీటికి సొమ్ము కేటాయించి, అది తరుగకుండ చూచియున్నచో ఈ రెండవ ఖర్చులో కొంతైన తప్పెడిదేమో.

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని మనవారన్న మాటలో అంచనా ఎప్పుడును మించిపోవునను అనుభవమున్నది. ఇంటి విషయమున అది పదిమంది కుటుంబమునకు సంబంధించిన కష్టము. ప్రాజెక్టు విషయమున అది ఒక రాష్ట్రపు బడ్జెటునే ఊపివేయగలదు. పోలవరమును తీసికొందము. గోదావరి జలముల పంపకమును బచావత్ ట్రిబ్యునలు 1980లో తేల్చినది. ఆ దశకపు ఆరంభముననే పునాదిరాయి పడినది. పని నిజముగా సాగినది ఈ శతాబ్దము వచ్చిన తరువాతనే. 2005-06 ధరల ప్రకారము 10,151 కోట్లుగా నున్న అంచనా, 2010-11 ధరల ప్రకారము 16,010 కోట్లయినది. 2017-18 ధరల ప్రకారము కేంద్ర సాంకేతిక సలహా సంఘము 2019లో అంగీకరించిన అంకె 55,548 కోట్లు. ఇంత పెరుగుదలకు సిమెంటు, ఇనుము, డీజిలు ధరలే కారణమనుకొన్నచో పొరపాటు. ఆ చివరి అంచనాలో భూసేకరణకును, పునరావాసమునకును అగు మొత్తమే 33,000 కోట్లకు పైబడినది. 2013 నాటి భూసేకరణ చట్టము 2014 జనవరి నుండి అమలులోనికి వచ్చి, పరిహారమును న్యాయమైన స్థాయికి పెంచినది. లక్షకు పైగా కుటుంబములు, వారిలో పెక్కురు కోయలు, కొండరెడ్లు, తరతరములుగా బ్రతికిన గూడెములను విడువవలసియున్నది. వారికీయవలసిన దానిని ‘అదనపు భారము’ అని పిలుచు అలవాటు మన ప్రసంగములలో పాతుకొనిపోయినది. అది అదనపు భారము కాదు. మొదటి అంచనాలో తక్కువగా వేసికొని ఇంతకాలము దాచిన అసలు ఖర్చే అది. నాగార్జునసాగరు కట్టిన నాడు, శ్రీశైలము కట్టిన నాడు మునకవాసులకు ఇట్టి లెక్క కట్టియున్నచో ఆ ప్రాజెక్టుల అంచనాలును వేరుగానుండెడివి. నాడు ఆ భేదమును ఖజానాకు బదులు నిర్వాసితులు భరించిరి.

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టపు 90వ విభాగము పోలవరమును జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది. అయినను ఆ సొమ్ము వచ్చు మార్గము చాలకాలము సూటిగా లేదు. రాష్ట్రము ముందుగా ఖర్చుపెట్టి బిల్లులు పంపవలసియుండెను. కేంద్ర సంస్థలు వానిని పరిశీలించి, నాబార్డు వద్ద 2016-17లో ఏర్పడిన దీర్ఘకాలిక నీటిపారుదల నిధి వంటి మార్గముల ద్వారా తిరిగి చెల్లింపవలసియుండెను. సాగునీటి భాగమునకే చెల్లింతురా, త్రాగునీటి భాగమునకును చెల్లింతురా, ఏ సంవత్సరపు ధరలకు చెల్లింతురు అను చర్చలలో ఏండ్లు గడచినవి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము 41.15 మీటర్ల నీటిమట్టము వరకు తొలిదశకై 30,436.95 కోట్ల సవరణ అంచనాను ఆమోదించిన పిమ్మట గాని ఈ సందిగ్ధము కొంత విడలేదు.

సొమ్ము నిలిచిపోయినపుడు పనిచోట ఏమి జరుగునో దగ్గరగా చూచినవారికే తెలియును. కాలువ తవ్విన మేరకు అసిస్టెంటు ఇంజనీరు కొలతలు తీసి కొలతల పుస్తకమున, పనివారందరు ‘ఎం. బుక్కు’ అనుదానిలో, పొడవు, వెడల్పు, లోతు వరుసగా వ్రాయును. పైయధికారి ఆ కొలతలను సరిచూచి సంతకము చేయును. బిల్లు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మేజాబల్లపైనుండి జమాఖర్చుల కార్యాలయమునకు, అటనుండి ఖజానాకు పోవును. ఖజానాలో సొమ్ము లేనిచో అది అచ్చటనే ఉండును. మూడు బిల్లులు ఆగిన గుత్తేదారు మొదట పొక్లెయినులలో సగమును వేరే పనికి తరలించును; తరువాత డీజిలు తగ్గించును; కూలీల బసలు ఖాళీయగును; చివరకు కాపలాదారుడొక్కడు మిగులును. రెండు వర్షాకాలములు గడచుసరికి తవ్విన కాలువగట్లు జారి, అడుగున తుమ్మ మొలచును. మరల పని మొదలిడునాటికి ప్రామాణిక ధరల పట్టిక మారియుండును. తవ్వినదానినే తిరిగి తవ్వవలసియుండును. పాత ఒప్పందమును రద్దుచేసి క్రొత్త టెండరు పిలువవలసియుండును. అంచనా పెరిగినదని శాసనసభలో గగ్గోలు పుట్టునది అప్పుడు. కాని ఆ పెరుగుదలకు బీజము పడినది బిల్లు ఆగిన నాడు.

ఇట్లు సగములో నిలిచిన పనులకై కేంద్ర ప్రభుత్వము 1996-97లో సత్వర సాగునీటి ప్రయోజన పథకమును ఆరంభించినది. అదియే పిమ్మట ప్రధానమంత్రి కృషి సించాయి యోజనలో భాగమై, దేశమంతట 99 ప్రాజెక్టులను ముందుగా పూర్తిచేయుటకు ఎంచుకొన్నది. ఉద్దేశము మెచ్చదగినదే. అయితే ఇరువది పనులను ఒకేమారు మొదలిడి, ఒక్కొక్కదానికి చిటికెడు చిటికెడుగా నిధులు చల్లు అలవాటు రాష్ట్రములను విడువనంత వరకు ఏ పథకమును వానిని గట్టెక్కింపజాలదు. ప్రతి నియోజకవర్గమునకు ఒక శిలాఫలకము కావలెనను ఒత్తిడి ఎంత బలమైనదో నేనెరుగుదును. అయినను అయిదు ప్రాజెక్టులను పూర్తిచేయగల సొమ్ముతో ఇరువదింటిని ఆరంభించుట ఇరువది సీమల ప్రజలను వంచించుటయే యని చెప్పక తప్పదు.

బడ్జెటు చాలనిచోట ప్రభుత్వములు పట్టిన మరియొక దారి, ప్రత్యేక కార్పొరేషనును స్థాపించి దాని పేర ఆర్థిక సంస్థలవద్ద ఋణము తెచ్చుట. కాళేశ్వరము ఇందుకు మన కాలమున జరిగిన అతి పెద్ద ఉదాహరణము. మేడిగడ్డ కడ సుమారు నూరు మీటర్ల ఎత్తునుండి గోదావరి నీటిని మెట్టుమెట్టుగా తోడి కొండపోచమ్మ సాగరు దాక, అనగా అయిదువందల మీటర్లకు పైగా, ఎక్కించు ఈ పథకమునకు 80,190 కోట్ల అంచనాతో 2018లో కేంద్రము అనుమతి లభించినది. 2019 జూన్ 21న అది ప్రారంభోత్సవము జరుపుకొన్నది. మూడేండ్లలో మూడు బ్యారేజీలను నిలబెట్టిన వేగము, తెలంగాణ మెట్ట సీమకు గోదావరిని తేవలెనను ఆకాంక్ష సామాన్యమైనవి కావు. ఆ వేగమునకు కారణమును ధనమే: బిల్లులు ఆగలేదు. కాని అప్పు తెచ్చిన సొమ్మునకు వడ్డీ, అసలు, ఎత్తిపోతలకు ఏటేట కరెంటు బిల్లు ఇవి నీటి తీరువాతో తీరునవి కావు. ఎత్తిపోతల పథకమున కట్టుటకైన ఖర్చు మొదటి ఖర్చు మాత్రమే. మోటారు తిరిగినంత కాలమును ఖర్చు నడుచుచునే యుండును. మొత్తము వ్యయము 1.47 లక్షల కోట్లను మించగలదనియు, రూపాయి వ్యయమునకు వచ్చు ప్రయోజనము 52 పైసలేయనియు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చినపుడు తేల్చినది. దానికి కొన్ని నెలల ముందే, 2023 అక్టోబరు 21న, మేడిగడ్డ బ్యారేజీ స్తంభములు కుంగినవి. కార్పొరేషనులు తెచ్చిన అప్పును రాష్ట్రపు అప్పుగానే లెక్కింతుమని కేంద్రము నిర్ణయించిన పిమ్మట ఈ దారియు ఇరుకైనది. ఇందు నాకు తోచిన లోపము ఒక్కటి: అప్పు తీర్చు లెక్కను, కరెంటు లెక్కను ప్రజల ముందు మొదటనే పరచియుండవలసినది. ఆ లెక్క తెలిసి కూడ ప్రజలు కావలెనన్నచో, అది వారి హక్కు.

ఇప్పుడు దశబంధపు సంగతికి, అనగా కాపాడుటకైన ధనమునకు వత్తము. గత కొన్నేండ్లలో మన నదులపై జరిగినవి చూడుడు. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకొనిపోయినది. అదే సంవత్సరము నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి మొదలైన ఊళ్ళను వరద ముంచి, ప్రాణములు తీసినది. ఆ ప్రాజెక్టునకున్న అయిదు గేట్లలో నొకటి అప్పటికి పనిచేయకుండెను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు యావత్తు కొట్టుకొనిపోగా, నిండుకుండవలెనుండిన జలాశయమును కొంతమేర ఖాళీచేయవలసి వచ్చినది. గేట్ల నిపుణుడైన కన్నయ్యనాయుడుగారు ముందుండి, పారుచున్న నీటిలోనే ఇనుప పలకలను దింపించి వారము దినములలో దానిని మూయింపగలిగిరి గనుక మిగిలిన నీరు రైతులకు దక్కినది. డెబ్బది సంవత్సరముల నాటి గేట్లవి. ఆ గొలుసు మార్చుటకు అగు ఖర్చు, పోయిన నీటి విలువతో పోల్చిన ఎన్నవ వంతు? అయినను గ్రీజు, గొలుసు, రబ్బరు సీలు, రంగు అనువానికి శంకుస్థాపనలు లేవు, ప్రారంభోత్సవములు లేవు. బడ్జెటు కుదించవలసి వచ్చినపుడు కలము ముందు పడునది వాని పద్దుమీదనే.

డెల్టాలో ఏ శివారు కాలువ తూము కడకైనను పోయి చూడవచ్చును. షట్టరు మర త్రుప్పుపట్టి కదలదు. దాని చేతిచక్రమును ఎవరో విప్పుకొనిపోయియుందురు. నీరు వదలవలసివచ్చినపుడు కాలువ కాపలాదారుడైన లస్కరు గడ్డపారతో పలకను ఎత్తి, సందున రాయి దూర్చి నిలబెట్టును. మూయవలసివచ్చినపుడు గడ్డి కట్టలను, పాత గోనెలను అడ్డమువేయును. కాలువలో గుర్రపుడెక్క అల్లుకొని నీటిని అడుగు అడుగునకు ఆపుచుండును. ఒకప్పుడు మైలుకొకరుగా తిరిగిన లస్కరులు నేడు పదవీ విరమణలతో తరిగిపోయిరి, ఖాళీలు నిండలేదు. ఆ తూము బాగుకు కావలసినది కోట్లు కాదు, కొన్ని వేలు. ఆ కొన్ని వేలు సకాలమున అందకపోవుట చేతనే శివారు రైతు రాత్రింబవళ్ళు కాలువగట్టున కాపలా పడుకొనుచున్నాడు.

ఆ వేలు రావలసినది నీటి తీరువా నుండి. ఉమ్మడి రాష్ట్రమున 1990 దశకపు నడుమ సవరింపబడిన రేటు ప్రకారము పెద్ద కాలువ క్రింద మొదటి వరి పంటకు ఎకరమునకు 200 రూపాయలు. నాడు అది మూడురెట్లు పెంపు. రైతులు కొంత గొణిగినను 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టము వచ్చి, నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడి, వసూలైన దానిలో కొంత భాగము తమ కాలువకే తిరిగి వచ్చునన్న ఆశ కలిగినది. లక్ష ఎకరముల ఆయకట్టునకు పూర్తిగా వసూలైనను రెండు కోట్లు. అందు కాలువ పూడిక, గట్లు, షట్టర్లు, లస్కరుల జీతము జరుగవలయును. ఆ తరువాత కూలి రేట్లు ఎన్ని రెట్లు పెరిగినవో ప్రతి రైతునకు తెలియును. నీటి ధర కనీసము నిర్వహణ ఖర్చును, దానిపై మూలధనములో నూటికొక వంతును రాబట్టవలెనని వైద్యనాథన్ కమిటీ 1992లోనే చెప్పినది. సన్నకారు రైతుపై భారము మోపుమని నా మాట కాదు. ధాన్యమునకు గిట్టుబాటు ధర లేని చోట వానిపై పన్ను పెంచుమనుట అన్యాయము. కాని రైతు నుండి రానిదానిని ఖజానా తప్పక పెట్టవలయును, పెట్టినది తప్పక కాలువకే పోవలయును. ఎవరును పెట్టనిచో కాలువ తానే తన ఆయువును ఖర్చుచేసికొనును.

త్రాగునీటి విషయమునను ఇదియే కథ. అనంతపురము మండలమున 1990 దశకములో సత్యసాయి ట్రస్టు తన సొమ్ముతో ఏడువందలకు పైగా గ్రామములకు నీరందించు మహత్కార్యమును కొద్దికాలములోనే పూర్తిచేసి ప్రభుత్వమునకు అప్పగించినది. దాతలు గొట్టములు వేయగలరు, ట్యాంకులు కట్టగలరు. ఏటేట పంపుల కరెంటును, పనివారి జీతములను భరింపవలసినది మాత్రము ప్రజాధనమే. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషను 3.60 లక్షల కోట్ల వ్యయముతో ప్రతి పల్లె ఇంటికి కుళాయి ఇత్తునన్నది. కేంద్ర రాష్ట్రములు పెక్కుచోట్ల సగము సగము భరించుటయు, గ్రామములోపలి పనుల వ్యయములో నూటికి పదివంతులు, గిరిజన దళిత గ్రామములందును కొండ ప్రాంతములందును అయిదు వంతులు గ్రామస్థులు సమకూర్చుటయు అందలి నియమము. ఆ పదివంతులను సొమ్ముగానో, శ్రమగానో ఇచ్చిన ఊరు తన ట్యాంకును తనదిగా చూచుకొనునను ఆలోచనలో దశబంధపు ఛాయ యున్నది. పంపు చెడినపుడు మెకానిక్కునకు ఇచ్చుటకు గ్రామనీటి సంఘము వద్ద సొమ్మున్నదా లేదా అను దానిని బట్టియే ఆ ఊరిలో ఈ పథకము నిలుచుట, పడిపోవుట తేలును.

చదువరులారా, మీ సీమలో ఇకముందు ఏ జలాశయమునకో, ఎత్తిపోతలకో, మంచినీటి పథకమునకో పునాదిరాయి పడినపుడు దండలు వేసిన చేతులతోనే ఈ లెక్కలను కూడ అడుగుడు. ఈ సంవత్సరపు బడ్జెటులో దీనికి కేటాయించిన దెంత? గుత్తేదారునకు బాకీ ఎంత? నిర్వాసితులకు చెల్లించినదెంత, చెల్లింపవలసినదెంత? పిల్లకాలువల పద్దులో ఏమున్నది? కట్టిన తరువాత గేట్లకును, తూములకును, లస్కరులకును ఏటేట పెట్టు సొమ్ము ఏ ఖాతానుండి వచ్చును? సమాచార హక్కు చట్టము మీ చేతిలో నున్నది. ప్రతి సంవత్సరము శాసనసభలో ప్రవేశపెట్టు జలవనరుల పద్దులు అచ్చయి అందరికిని దొరకుచున్నవి. నీటి సంఘమునకు ఎన్నికలు జరిగిన నాడు ఓటు వేయుడు. జరుగనిచో ఏల జరుగలేదని మీ శాసనసభ్యుని నిలదీయుడు.